పాత లాప్‌టాప్‌లో విండోస్ 7 వేస్తుంటే స్టిక్కర్ మీది కీ చెల్లదంటోంది. కీ పోయినట్టేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. లాప్‌టాప్ అడుగున విండోస్ 7 స్టిక్కర్ ఉంది. హార్డ్‌డిస్క్ పోతే కొత్తది వేయించారు. స్నేహితుడి దగ్గరున్న విండోస్ 7 డీవీడీతో మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తుంటే, స్టిక్కర్ మీది కీ కొట్టగానే ‘ప్రొడక్ట్ కీ చెల్లదు’ అంటోంది. పదిసార్లు సరిచూసుకున్నారు, అక్షరం కూడా తప్పు పోలేదు. కీకి ఎక్స్‌పైరీ అయిపోయిందా, సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి పాత కీలు పనిచేయవా, కొత్తది కొనాలా అని మీ సందేహం.

ముందు జవాబు చెప్పేస్తాను: ఇప్పుడే ఏమీ కొనకండి. మీ కీ చెడిపోలేదు. చాలావరకు మీ కీకి, ఆ డీవీడీకి జత కుదరలేదు, అంతే. స్టిక్కర్ మీద వచ్చే కీలకు గడువు తేదీ అంటూ ఉండదు. 2020 జనవరి 14తో విండోస్ 7కు ఆగిపోయింది సపోర్ట్, అంటే అప్‌డేట్లు. కీలను ఎవరూ రద్దు చేయలేదు.

ప్రస్తుతానికి ఆ పెట్టె ఖాళీగా వదిలేసి నెక్స్ట్ నొక్కండి. విండోస్ 7 మామూలు డిస్క్ అయితే ఏమీ అనదు, 30 రోజులు వాడుకోనిస్తుంది. డెస్క్‌టాప్ వచ్చాక కంప్యూటర్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. పైన విండోస్ 7 అనే మాట పక్కన ఏ ఎడిషన్ పేరుందో (హోమ్ ప్రీమియం, అల్టిమేట్ లాంటివి) చూడండి. ఆ పేరు, స్టిక్కర్ మీద పేరు ఒకటేనా? నా అనుమానం, కాదు. అదే అయితే మీ సమస్య దొరికినట్టే, కింద ఎడిషన్ గురించి రాసిన చోటికి నేరుగా వెళ్లిపోవచ్చు. మిగతాది ఇదే తలనొప్పితో ఇక్కడికి వచ్చేవాళ్ల కోసం కూడా రాస్తున్నాను. పాత సిస్టమ్‌లు బాగుచేయడం నా రోజువారీ పని, ఈ ప్రశ్న నాకు ఎక్స్‌పీ రోజుల నుంచీ ఎదురవుతూనే ఉంది.

కీని కాదనేది రెండు చోట్ల. ఎక్కడ కాదన్నదో తేల్చుకోకుండా ఏం చేసినా చీకట్లో తడుముకోవడమే. ఒకటి సెటప్, అంటే విండోస్ ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామ్. రెండోది యాక్టివేషన్, అంటే ఇన్‌స్టాల్ అయ్యాక ఆ కీ సరైనదేనని మైక్రోసాఫ్ట్ దగ్గర ఖాయం చేసుకోవడం. సెటప్ నడుస్తున్నప్పుడు చాలాసార్లు నెట్ డ్రైవర్ కూడా ఎక్కి ఉండదు. అయినా కీ తప్పని క్షణంలో చెప్పేస్తుంది. అంటే అది బయట ఎవర్నీ అడగడం లేదు, తన దగ్గరున్న ఫైళ్లతోనే తేలుస్తోంది. అది చూసేది రెండే. ఈ 25 అక్షరాలు లెక్కకు కుదురుతున్నాయా? ఈ కీ ఏ ఎడిషన్‌కు, ఏ రకం అమ్మకానికి ఇచ్చారో అది ఈ డిస్క్‌కు సరిపోతుందా? మీరు డబ్బు పెట్టి కొన్నారా, ఎంతమంది వాడేశారు, బ్లాక్ అయిందా అన్న సంగతులు దానికి తెలీదు. అవి మైక్రోసాఫ్ట్ సర్వర్‌కు తెలుసు, ఆ సర్వర్ తర్వాత యాక్టివేషన్ దగ్గర వస్తుంది.

కాబట్టి సెటప్‌లోనే ‘చెల్లదు’ అంటే ‘దొంగ కీ’ అని కాదు, ‘ఈ డిస్క్‌కు ఇది కాదు’ అని. చాలామంది ఇక్కడే టెన్షన్ పడి, దొరికిన కీ జనరేటర్ దించుకుని, దాంతోపాటు వైరస్‌నూ తెచ్చుకుంటారు.

(విండోస్ 95 రోజుల్లో ఈ లెక్క మరీ పిల్లల లెక్కలా ఉండేది. రిటైల్ సీడీ కీలో గీత తర్వాత వచ్చే ఏడు అంకెల మొత్తాన్ని 7తో భాగిస్తే శేషం రాకూడదు, దాదాపు అంతే. యాక్టివేషన్ లేదు, అడిగే నాథుడు లేడు. ఎక్స్‌పీతో ఆ సుఖం పోయింది.)

సరే, మొదట అక్షరాల సంగతి. మీరు సరిచూశానన్నారు, నమ్ముతాను. కానీ అరిగిన స్టిక్కర్‌ను చదవడంలో ఒక చిన్న ఉపాయం ఉంది, తెలిస్తే సగం గొడవ తీరుతుంది. ఎక్స్‌పీ, విస్టా, విండోస్ 7 కీలలో మొత్తం 24 గుర్తులే వాడతారు. ఇంగ్లీషు అచ్చులు ఐదూ ఉండవు. ఎల్, ఎన్, ఎస్, జెడ్ ఉండవు. అంకెల్లో సున్నా, 1, 5 ఉండవు. ఒకదానికొకటి పొరపడేవాటిలో చాలావాటిని ముందే తీసేశారన్నమాట. దీన్ని మనకు అనుకూలంగా తిప్పుకోవచ్చు. స్టిక్కర్ మీద గుండ్రంగా సున్నాలా కనిపిస్తే అది సున్నా కాదు, ఒ అక్షరమూ కాదు. క్యూ గానీ డి గానీ అయి తీరాలి, ఒక్కోసారి సగం చెరిగిన జి. జెడ్‌లా కనిపిస్తే అది 2. ఎన్‌లా కనిపిస్తే ఎం గానీ హెచ్ గానీ అయి ఉంటుంది. ఇక ఈ 24లోనూ మిగిలిపోయిన పొరపాటు జంటలు బి, 8 ఒకటి, జి, 6 ఇంకొకటి. ఈ రెండు చోట్లే మార్చి మార్చి ప్రయత్నించాలి. (విండోస్ 8 నుంచి కీలో ఎన్ కూడా కనిపిస్తుంది. కాబట్టి నిజంగానే స్పష్టంగా ఎన్ ఉంటే అది విండోస్ 7 కీ కానే కాదు.)

అరిగిన స్టిక్కర్‌ను చదవాలంటే పైనుంచి లైటు వేయకండి, పక్క నుంచి వేయండి. గదిలో లైట్లు ఆపేసి, టార్చ్‌ను స్టిక్కర్‌కు దాదాపు సమాంతరంగా పెట్టి, ఇంకో ఫోన్‌తో దగ్గర నుంచి ఫోటో తీయండి. ఆ ఫోటోను నలుపు తెలుపుగా మార్చి కాంట్రాస్ట్ పెంచితే, పోయాయనుకున్న గీతలు తేలతాయి. లాప్‌టాప్ అడుగున స్టిక్కర్ కనిపించకపోతే బ్యాటరీ తీసి ఆ గుంటలో చూడండి, కొన్ని మోడళ్లలో అక్కడే అంటిస్తారు. ఒక్కటి మాత్రం చేయకండి: స్పిరిట్‌తో గానీ థిన్నర్‌తో గానీ తుడవకండి. ఇది నా సొంత నిర్వాకం నేర్పిన పాఠం. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒకరి లాప్‌టాప్ అడుగున జిగురు పేరుకుని కీ కనపడక, దూదికి స్పిరిట్ అద్ది ఒక్కసారి రుద్దాను. జిగురు వచ్చింది. దాంతోపాటు కీలోని మూడో గుంపు, నాలుగో గుంపు అక్షరాలు కూడా దూదికే వచ్చేశాయి. ఆ యజమాని నా పక్కనే నిలబడి చూస్తున్నాడు.

స్టిక్కర్ మీద ఉండే అన్ని నంబర్లూ కీ కావు. బార్‌కోడ్ పక్కన అంకెలతో ఒక సీరియల్ నంబర్ ఉంటుంది. ఎక్స్‌తో మొదలయ్యే పార్ట్ నంబర్ ఇంకొకటి ఉంటుంది. కీ అంటే ఐదేసి అక్షరాల ఐదు గుంపులు. అలాగే పాత విండోస్‌లో ప్రాపర్టీస్ తెరిస్తే కింద కనిపించేది ప్రొడక్ట్ ఐడీ, అది కీ కాదు. హార్డ్‌డిస్క్ పోకముందు ఆ ఐడీని జాగ్రత్తగా డైరీలో రాసి పెట్టుకుని, తర్వాత అదే కొడుతూ కూర్చున్నవాళ్లను చూశాను. దాని రెండో గుంపులో ఓఈఎం అని ఉంటే మాత్రం ఒక సంగతి తెలుస్తుంది, ఆ విండోస్ సిస్టమ్‌తోపాటు వచ్చిందని. పాత డిస్క్ ఇంకా తెరుచుకుంటుంటే కీ చూపించే టూల్స్‌తో చదవొచ్చు కానీ, అక్కడ కనిపించే కీ స్టిక్కర్ మీది కీ ఒకటి కాకపోతే ఆశ్చర్యపోకండి. ఎందుకో కాసేపట్లో చెప్తాను. అన్నీ బి అక్షరాలే కనిపిస్తే అది ఆఫీసుల వాల్యూమ్ కీ, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలోంచి తుడిచేశారని అర్థం.

ఇంకో దొంగ ఉంది, కీబోర్డు. పాత చిన్న లాప్‌టాప్‌లలో విడిగా నంబర్ ప్యాడ్ ఉండదు. నమ్‌లాక్ ఆన్‌లో ఉంటే జె కొడితే 1, కె కొడితే 2, ఎం కొడితే సున్నా పడతాయి. ఇందులో ప్రమాదకరమైంది కె. 2 అనేది కీలో ఉండదగ్గ అంకే కాబట్టి కళ్లకు తప్పుగా అనిపించదు. ఫ్రెంచ్ లేఅవుట్ ఎంచుకుని ఉంటే క్యూ కొడితే ఎ, డబ్ల్యూ కొడితే జెడ్ పడతాయి. జర్మన్‌లో వై, జెడ్ తారుమారు. దీనికి తేలికైన పరీక్ష ఉంది. సెటప్ తెర మీద ఉండగానే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ నల్ల తెర వస్తుంది. అక్కడ స్టిక్కర్ చూస్తూ కీ మొత్తం కొట్టి, పడ్డదాన్ని స్టిక్కర్‌తో పోల్చండి. ఒకసారి ఇలాగే గంటన్నర పోరాడిన లాప్‌టాప్‌కు బయటి కీబోర్డు పెట్టగానే మొదటి దెబ్బకే కీ తీసుకుంది. లోపలి కీబోర్డులో వి అనే బటన్ ఒక్కోసారి రెండుసార్లు పడుతోంది, పాపం దాని వయసు దానిది.

అక్షరాలు సరే అనుకుందాం. ఇప్పుడు అసలు కారణం, ఎడిషన్. విండోస్ 7లో స్టార్టర్, హోమ్ బేసిక్, హోమ్ ప్రీమియం, ప్రొఫెషనల్, ఎంటర్‌ప్రైజ్, అల్టిమేట్ అని ఉన్నాయి. లాప్‌టాప్‌లతో ఎక్కువగా వచ్చింది హోమ్ బేసిక్ లేదా హోమ్ ప్రీమియం. చేతులు మారి తిరిగే డీవీడీలు ఎక్కువగా అల్టిమేట్. ఇంకేం, హోమ్ ప్రీమియం కీ అల్టిమేట్ డిస్క్‌కు చూపిస్తే చెల్లదనే అంటుంది. ‘నీది హోమ్ ప్రీమియం కీ నాయనా, ఇది అల్టిమేట్’ అని చెప్పి ఉంటే ఎంతమంది రాత్రులు మిగిలేవో. ఆ మాట చెప్పదు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి. మామూలు రిటైల్ విండోస్ 7 డీవీడీలో దాదాపు అన్ని ఎడిషన్లూ ఉంటాయి. ఏది వేయాలో చెప్పేది సోర్సెస్ అనే ఫోల్డర్‌లో ఉండే ఒక చిన్న ఫైలు. దాని పేరు ఈఐ, ఎక్స్‌టెన్షన్ సీఎఫ్‌జీ. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే నాలుగైదు వరుసలే ఉంటాయి: ఎడిషన్ ఐడీ కింద అల్టిమేట్ అనో ప్రొఫెషనల్ అనో, ఛానల్ కింద రిటైల్ అనో ఓఈఎం అనో, వీఎల్ (వాల్యూమ్ లైసెన్స్) కింద సున్నా గానీ 1 గానీ. డీవీడీని పెన్‌డ్రైవ్‌లోకి బూటబుల్‌గా, అంటే దాంతోనే కంప్యూటర్ మొదలయ్యేలా మార్చుకుని, పెన్‌డ్రైవ్‌లో ఆ ఒక్క ఫైలు డిలీట్ చేయండి. ఈసారి సెటప్ మొదట్లోనే ఎడిషన్ల జాబితా చూపించి ఏది కావాలో అడుగుతుంది. స్టిక్కర్ మీదున్నది ఎంచుకోండి, కీ తీసుకుంటుంది. ఇందులో దొంగపనేం లేదు, మీ దగ్గరున్న లైసెన్స్‌కు తగిన ఎడిషన్ వేసుకుంటున్నారు.

రెండు మినహాయింపులు. లాప్‌టాప్ కంపెనీలు ఇచ్చే డిస్క్‌లలో ఒకే ఎడిషన్ ఉండొచ్చు, అప్పుడు ఫైలు తీసేసినా జాబితాలో అదొక్కటే వస్తుంది. ఎంటర్‌ప్రైజ్ డిస్క్ అయితే అసలే వేరు, అందులో హోమ్ ఎడిషన్లు ఉండవు. ఇక 32 బిట్, 64 బిట్ గురించి భయం అక్కర్లేదు, విండోస్ 7 కీ రెంటికీ పనిచేస్తుంది. స్టార్టర్ మాత్రం 32 బిట్‌లోనే ఉంది. మీ స్టిక్కర్ మీద స్టార్టర్ అని ఉండి, చేతిలో 64 బిట్ డీవీడీ ఉంటే ఎంత వెతికినా లాభం లేదు.

ఎడిషన్ కుదిరినా ఒక్కోసారి కుదరదు, అమ్మకం రకం వేరైతే. రిటైల్ అంటే పెట్టెలో విడిగా కొన్నది. ఓఈఎం అంటే సిస్టమ్‌తోపాటు వచ్చింది. వాల్యూమ్ అంటే సంస్థలు గంపగుత్తగా తీసుకునేది. విండోస్ 7లో రిటైల్ డిస్క్, ఓఈఎం స్టిక్కర్ కీ సాధారణంగా కలుస్తాయి. వాల్యూమ్ డిస్క్‌తోనే చిక్కు. గుర్తుపట్టడం తేలిక: అది ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కీ అడగదు. అంతా అయ్యాక యాక్టివేట్ చేయబోతే, ఎక్కడో ఆఫీసు సర్వర్ కోసం వెతికి దొరకలేదంటుంది. ఆ ఎర్రర్ కోడ్ చివర ఎఫ్074 అని గానీ 232బి అని గానీ ఉంటుంది. అలాంటి డిస్క్‌ను పక్కన పడేసి రిటైల్‌ది వెతుక్కోవడమే మేలు.

అప్‌గ్రేడ్ కీ అనే మరో జాతి ఉంది. విస్టా ఉన్నవాళ్లకు తక్కువ ధరకు అమ్మినవి. ఖాళీ డిస్క్ మీద వేస్తే కోడ్ చివర ఎఫ్061తో, ఇది అప్‌గ్రేడ్‌కే తప్ప క్లీన్ ఇన్‌స్టాల్‌కు కాదని యాక్టివేషన్‌లో అంటుంది. పాత విండోస్ వేసి, దాని లోపలి నుంచి 7 సెటప్ నడపడం రాజమార్గం. ఎనీటైమ్ అప్‌గ్రేడ్ కీ (ఉన్న ఎడిషన్ నుంచి పై ఎడిషన్‌కు మారడానికి కొనేది) అయితే సెటప్‌లో కొట్టేది కాదు, విండోస్ ఎక్కాక అదే పేరున్న విండోలో కొట్టాలి.

ఇప్పుడు ఇందాక ఆపిన మాట, టూల్ చూపించే కీ స్టిక్కర్ కీ ఎందుకు వేరని. పెద్ద కంపెనీల లాప్‌టాప్‌లకు ఫ్యాక్టరీలో విండోస్ 7 వేసేటప్పుడు ఒక్కో యంత్రానికి ఒక్కో కీ కొడుతూ కూర్చోరు. ఆ కంపెనీకి, ఆ ఎడిషన్‌కు కలిపి ఒకే ఉమ్మడి కీ ఉంటుంది. దానికి తోడు ఒక సర్టిఫికెట్ ఫైలు, బయోస్‌లో (ఆన్ చేయగానే మొదట నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) ఎస్‌ఎల్‌ఐసీ అనే పట్టిక. ఈ మూడూ కలిస్తే నెట్ లేకుండానే యాక్టివేట్ అయిపోతుంది. అందుకే రికవరీ డిస్క్‌తో, అంటే ఫ్యాక్టరీలో వేసినట్టే మళ్లీ వేయడానికి కంపెనీ ఇచ్చే డిస్క్‌తో వేస్తే కీ అడగనే అడగదు. స్టిక్కర్ మీది కీ ఇలా చేతితో మళ్లీ వేసుకునే రోజు కోసం ఉంచిన రిజర్వు. కాబట్టి మీ మోడల్ రికవరీ డిస్క్‌లు దొరికే అవకాశం ఉంటే అదే అన్నిటికంటే హాయి. పాత హార్డ్‌డిస్క్ కొంచెమైనా చదవగలుగుతుంటే అందులో దాచిన రికవరీ పార్టిషన్ కూడా కాపాడుకోవచ్చు. స్టిక్కర్ కీతో వేసినప్పుడు మాత్రం, సెటప్ తీసుకున్నా ఆన్‌లైన్ యాక్టివేషన్ ఒక్కోసారి మొండికేస్తుంది. అది కీ తప్పు కాదు.

అప్పుడు చేయాల్సింది కన్ఫర్మేషన్ ఐడీ పద్ధతి. రన్ పెట్టెలో ఎస్‌ఎల్‌యూఐ అని కలిపి కొట్టి, ఒక ఖాళీ వదిలి 4 కొట్టండి. దేశం ఎంచుకున్నాక ఆరేసి అంకెల తొమ్మిది గుంపులు, మొత్తం 54 అంకెల ఇన్‌స్టాలేషన్ ఐడీ వస్తుంది. మైక్రోసాఫ్ట్‌కు ఆ అంకెలిస్తే, బదులుగా ఎనిమిది గుంపుల కన్ఫర్మేషన్ ఐడీ ఇస్తారు. దాన్ని ఎ నుంచి హెచ్ వరకున్న గళ్లలో నింపాలి. ఓపిక కావాలి. ‘ఎన్ని కంప్యూటర్లలో వేశారు’ అని అడిగితే ఒక్కదాంట్లోనే అనేది నిజమైతే ఆ మాటే చెప్పండి.

యాక్టివేషన్ దగ్గర కనిపించే కోడ్‌లలో నేను పట్టించుకునేవి మూడే. చివర ఎఫ్050 అంటే కీ చెల్లదని, తరచుగా ఎడిషన్ తేడావల్లే, మళ్లీ పైన చెప్పినదానికే పోవాలి. చివర సి003 అంటే సర్వర్ ఆ కీని బ్లాక్ చేసింది. సి008 అంటే పరిమితికి మించి యంత్రాల్లో వాడారు. నెట్‌లో కారుచౌకగా కొన్న కీలు తరచుగా ఈ చివరి రెండింటిలోనే తేలతాయి. అవి ఎక్కువగా ఏదో సంస్థ వాల్యూమ్ కీలే, నెల పనిచేసి ఒకరోజు పొద్దున్నే డెస్క్‌టాప్ నల్లబడుతుంది. కొత్త కీ కొనొద్దని ముందే అన్నది అందుకు కూడా.

గడియారం మాట మరిచిపోయాను. బోర్డు మీది చిన్న బిళ్ల బ్యాటరీ, సీఆర్2032, అయిపోతే తేదీ ఎప్పటికో వెనక్కి పోతుంది. అందువల్ల ఆన్‌లైన్ యాక్టివేషన్ చెడుతుంది, సెటప్‌లో కీ తీసుకోవడం మాత్రం దీనివల్ల ఆగదు. చాలాచోట్ల ఈ రెండూ కలిపేసి ‘బయోస్ డేట్ మార్చండి, కీ తీసుకుంటుంది’ అని సలహా ఇస్తుంటారు. నేను ఒక్కసారి కూడా అలా జరగగా చూడలేదు.

ఎక్స్‌పీ వేస్తున్నవాళ్లకు వేరే నాలుగు మాటలు, ఎందుకంటే అది ఇంకా మొండిది. ఎక్స్‌పీలో హోమ్, ప్రొఫెషనల్ డిస్క్‌లు వేరు. ఒక్కోదానిలో రిటైల్, ఓఈఎం, వాల్యూమ్ డిస్క్‌లు మళ్లీ వేరు. కీ అదే రకానిది కాకపోతే తీసుకోదు. 7లో చేసినట్టు ఒక ఫైలు తీసేస్తే సరిపోదు. చేతిలో ఉన్న సీడీ ఏ రకమో తెలియాలంటే ఐ386 ఫోల్డర్‌లో సెటప్ అనే మాటకు చివర ఇంకో పి చేర్చిన పేరుతో ఒక ఐఎన్‌ఐ ఫైలుంటుంది. అందులో పీఐడీ వరుస చివర ఓఈఎం అని ఉంటే ఓఈఎం సీడీ, 270 అని ఉంటే వాల్యూమ్. 64 బిట్ ఎక్స్‌పీ 2005లో విడిగా వచ్చిన సరుకు, మామూలు ఎక్స్‌పీ కీ దానికి పనికిరాదు.

ఎక్స్‌పీలో నన్ను అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టిన కేసు ఒక ల్యాబ్‌లో కొలత పరికరానికి తగిలించిన సిస్టమ్. ఆ పరికరం సాఫ్ట్‌వేర్ ఎక్స్‌పీ తప్ప ఏదీ ఎరగదు. స్టిక్కర్ కొత్తదానిలా మెరుస్తోంది, ప్రొఫెషనల్, ఓఈఎం. నా దగ్గర సీడీ కూడా ప్రొఫెషనల్, ఓఈఎం, సర్వీస్ ప్యాక్ 2 (అప్పటిదాకా వచ్చిన అప్‌డేట్లు కలిపిన మూట). అన్నీ కుదిరాయి, కీ మాత్రం తీసుకోదు. సీడీ గీత పడిందేమోనని ఇంకోటి తెచ్చాను, ర్యామ్ మార్చాను, చివరికి నా కళ్లనే అనుమానించి వేరేవాళ్లతో కీ చదివించాను. రెండు సాయంత్రాలు పోయాక కారణం దొరికింది. ఎక్స్‌పీ అనుకున్నదానికంటే ఎక్కువకాలం అమ్ముడవడంతో ప్రొఫెషనల్‌కు ముందు అనుకున్న కీలు చాలక, 2007లో మైక్రోసాఫ్ట్ సర్వీస్ ప్యాక్ 2సి అని కొత్త సీడీ తీసింది. ఆ సీడీలో కొత్త బాపతు కీలను గుర్తించే మార్పు తప్ప పెద్దగా ఏమీ లేదు. ఆ తర్వాత ముద్రించిన స్టిక్కర్ల కీలను పాత సర్వీస్ ప్యాక్ 2 సీడీ గుర్తుపట్టదు. సర్వీస్ ప్యాక్ 3 కలిపిన ఓఈఎం సీడీ పెట్టాను, ఎంటర్ కొట్టగానే ముందుకెళ్లింది. అప్పటి నుంచీ ఎక్స్‌పీ అంటే నా సంచిలో సర్వీస్ ప్యాక్ 3 సీడీలే ఉంటాయి. దానికి ఇంకో సుగుణం, అది కీ లేకుండా కూడా ఇన్‌స్టాల్ పూర్తి చేయనిస్తుంది. కానీ ఎక్స్‌పీలో 30 రోజులు దాటితే యాక్టివేట్ చేసేదాకా లాగిన్ కానివ్వదు, 7లా నల్ల డెస్క్‌టాప్‌తో సరిపెట్టదు. పెద్ద కంపెనీల స్టిక్కర్ కీలకు 2005 నుంచే ఎక్స్‌పీ నెట్ యాక్టివేషన్ ఆపేశారు. కాబట్టి అక్కడ కన్ఫర్మేషన్ ఐడీ దారే గతి అనుకుని మొదలుపెట్టండి.

విండోస్ 8 నుంచి కథ మారింది. స్టిక్కర్ మీద కీ ఉండదు, బయోస్‌లోనే రాసి ఉంటుంది, సెటప్ తనంతట తానే తీసుకుంటుంది. అలాంటి లాప్‌టాప్‌లో 7 వేయాలనుకుంటే ఆ 8 కీ 7కు చెల్లదు. 8 ప్రోతో వచ్చినదానికి 7 ప్రొఫెషనల్‌కు దిగే హక్కు ఉంటుంది, మామూలు 8కు ఆ హక్కు లేదు.

మీ విషయానికి వస్తే, ఈ వరసలో చేయండి. డెస్క్‌టాప్‌దాకా వెళ్లి ఎడిషన్ పేరు చూడండి. తేడా ఉంటే పెన్‌డ్రైవ్‌లో ఆ చిన్న ఫైలు తీసేసి సరైన ఎడిషన్ మళ్లీ వేయండి, డిస్క్ ఎలాగూ కొత్తదే కాబట్టి పోయే డేటా ఏమీ లేదు. కీ తీసుకున్నాక ఆన్‌లైన్‌లో ఒకసారి ప్రయత్నించి, కాకపోతే 54 అంకెల దారి. యాక్టివేట్ అయ్యాక స్టిక్కర్‌ను ఇందాకటి పద్ధతిలో ఫోటో తీసి దాచండి, దాని మీద పారదర్శకమైన టేపు అంటించండి. ఆ సిస్టమ్‌లో బ్యాంకు పనులు, మెయిల్ పెట్టుకోకండి, దానికి అప్‌డేట్లు రావు.

అప్పటికీ కుదరకపోతే మళ్లీ ఇక్కడ రాయండి. కీ మాత్రం రాయకండి, స్టిక్కర్ ఫోటో కూడా పెట్టకండి. నాకు కావాల్సినవి స్టిక్కర్ మీద ఎడిషన్ పేరు, ఆ సీఎఫ్‌జీ ఫైలులో ఉన్న వరుసలు, కాదన్నది సెటప్‌లోనా యాక్టివేషన్‌లోనా, కోడ్ వస్తే దాని చివరి నాలుగు అక్షరాలు.